పది పాయింట్లు: పాత కారుకి పరాయి ఇంజను

చిన్న పనేనండీ

ఇంజను మార్చమని వచ్చేవాళ్ళందరూ "చిన్న పనేనండీ" అనే మొదలుపెడతారు. పాతది దించడం, ఇంకోటి ఎక్కించడం, నాలుగు బోల్టులు బిగించడం, ఇంతే కదా అన్నట్టు ముఖం పెడతారు. మొదట్లో ఆ మాటకి కోపం వచ్చేది. కొన్నేళ్ళకి నవ్వొచ్చేది. ఇప్పుడు షెడ్డు అప్పగించేసి భవానీపురంలో ఇంటిపట్టున కూర్చున్నాక, దానికి ఒకసారి తీరిగ్గా జవాబు చెబుదామనిపించింది.

నా పేరు సాంబయ్య. విజయవాడ ఆటోనగర్‌లో 'ఇంజన్ల సాంబయ్య' అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఒక కంపెనీ కారులో ఇంకో కంపెనీ ఇంజను కూర్చోబెట్టడం నా పని. జీపులు చేశాను, వ్యాన్లు చేశాను, కానీ ఎక్కువగా చేసింది అంబాసిడర్లే. బండి మీద మమకారం చావక, లోపలున్న ఇంజను మాత్రం చచ్చిపోయి, వేరే బండికి తాడు కట్టి లాగించుకుంటూ బందరు నుంచీ గుడివాడ నుంచీ వచ్చేవాళ్ళు. వాళ్ళే స్వయంగా నడుపుకుంటూ తిరిగి వెళ్ళేవాళ్ళు. ఈ పనిలో నాకు పేరుంది. నా గురించి నేనే చెప్పుకుంటున్నానని అనుకున్నా పర్వాలేదు, మొహమాటపడే వయసు దాటిపోయింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంజను మారిస్తే రవాణా ఆఫీసులో అనుమతి తీసుకోవాలి, రాయించుకోవాలి. ఆ పని ముందే చూసుకోండి. కాగితాల గురించి ఇంతకంటే రాయను, దానికి వేరే మహానుభావులున్నారు.

పట్టడం, కుదరడం

కుర్రాళ్ళు బానెట్ ఎత్తుతారు, టేపు పెట్టి పొడవూ వెడల్పూ చూస్తారు, "పడుతుందండీ" అంటారు. పడుతుంది. మా ఇంటి బీరువాలో నేనూ పడతాను. అందులో కాపురం చెయ్యగలనా? ఇంజను పట్టడం వేరు, కుదరడం వేరు. పట్టిన ఇంజనుకి వేడి బయటికి పోయే దారి ఉండదు. సైలెన్సర్ గొట్టం పోయి బ్రేకు గొట్టాన్ని రాసుకుంటుంది. ఫ్యాను రేడియేటరుకి ఎడంగా ఉండి ఊరికే గాలిలో తిరుగుతుంది. మొదటి నెల బాగానే ఉంటుంది. రెండో నెల ఫోను వస్తుంది.

నా మొదటి ఘనకార్యం ఒక లాయరు గారి కారు. అప్పటికి నేను గవర్నర్‌పేటలో ఒక సందులో వెంకటరత్నం గారి షెడ్డులో పనిచేస్తున్నాను. మా గురువు గారు ఊళ్ళో లేరు. నాకు చేతులు దురద. ఒక వ్యాను డీజిల్ ఇంజను తెచ్చి అంబాసిడర్‌లో పెట్టేశాను. స్టార్టయింది, కదిలింది, నా అంతవాడు లేడనుకున్నాను. లాయరు గారు వారం తిరక్కుండా తిరిగొచ్చారు. డీజిల్ ఇంజను బరువుకి కారు ముందు భాగం కిందకి వంగిపోయింది. "ఏమయ్యా, నా కారు స్పీడు బ్రేకరు కనిపిస్తే చాలు నమస్కారం పెడుతోంది. జడ్జీ గారికి కూడా నేను అంత వంగను," అన్నారు.

వెంకటరత్నం గారు ఊరి నుంచి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగారు. తిట్టలేదు. నన్ను ఎక్కించుకుని ఒక బియ్యం మిల్లు కాటా దగ్గరికి తీసుకెళ్ళి, ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూయించారు.

"ముందెంత బరువు పెరిగిందో చూశావా? స్ప్రింగులు మార్చావా?"

"లేదండీ."

"బ్రేకులు?"

"పాతవేనండీ."

"పరిగెత్తడం నువ్వు నేర్పావు. ఆగడం ఎవడు నేర్పుతాడ్రా సాంబా?"

ఆ తర్వాత బండిని కాటా ఎక్కించకుండా నేను ఏ ఇంజనూ దించలేదు, ఎక్కించలేదు. ఇప్పటి కుర్రాళ్ళు ఎంత స్పీడు పోతుందని అడుగుతారు, సైలెన్సర్ ఎలా మోగుతుందని అడుగుతారు. ఎన్ని అడుగుల్లో ఆగుతుందని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. అలా అడిగే కుర్రాడు దొరికితే, నాకు తెలిసిందంతా వాడికి ఊరికే నేర్పుతాను.

మా గురువు గారి రెండు చేతులూ, ఒక నోరూ

వెంకటరత్నం గారి చేతుల గురించి ఎంత చెప్పినా తక్కువే. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవారు. "మూడో సిలిండర్లో బేరింగు," అనేవారు. విప్పి చూస్తే అదే. ఆయన దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గొప్పే.

నోరు మాత్రం వేరే సంగతి. "కస్టమరు ముందు తప్పు ఒప్పుకున్నావో, షెడ్డుకి తాళం వేసుకోవాల్సిందే," అనేవారు. బండి పాతదనాలి, పెట్రోలు కల్తీ అనాలి, రోడ్డు బాగాలేదనాలి, మీరు తోలడంలో ఏదో ఉందండీ అనాలి. ఏ మాటా అతకకపోతే "సర్దుకుంటుంది" అనాలి. ఈ 'సర్దుకుంటుంది' అనే మాట మెకానిక్కులకి పెద్ద ఆసరా. నేనూ చాలా ఏళ్ళు దాని మీదే బతికాను. తప్పు చేసి కూడా నవ్వుతూ పంపించేసేవాణ్ణి, ఆ నవ్వు కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే. పెద్దాయన పోయారు, ఆయన మీద నేరాలు చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ గురువు నేర్పిందల్లా నెత్తికెత్తుకోనక్కర్లేదని మీకు చెప్పేవాళ్ళు ఒకరుండాలి.

భుజంగరావు గారి కారు

ఇప్పుడు అసలు సంగతి. ఇది జరిగి మరీ ఎక్కువ రోజులు కాలేదు, నేను పని మానడానికి కొద్దికాలం ముందు.

కంకిపాడు నుంచి భుజంగరావు గారని ఒక పెద్దాయన వచ్చారు. తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా కొట్లలో తూకం రాళ్ళూ, గజం బద్దలూ, కిరసనాయిలు కొలతలూ పట్టుకుని తిరిగిన మనిషి. ఆయన చూపులో అదంతా ఉంది. వచ్చీ రాగానే నా షెడ్డు గోడ మీది టేపు తీసి, కొక్కెం అరిగిందని చెప్పి మళ్ళీ అక్కడే తగిలించారు.

ఆయనది తెల్ల అంబాసిడరు. ఇంజను ఇక సిలిండర్లు తొలిచి బోరు చెయ్యడానికి కూడా లేనంతగా అరిగిపోయింది, పైగా బ్లాకు చిట్లింది. నేనే చెప్పాను, "కొత్త కారు తీసుకోండి సార్, హాయిగా ఉంటుంది," అని.

"నాకు హాయి అక్కర్లేదయ్యా. మా ఆవిడకి కావాలి," అన్నారు.

ఆవిడ పేరు అనసూయమ్మ గారు. రెండు కిడ్నీలూ పనిచెయ్యవు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే కంకిపాడు నుంచి బెజవాడ ఆసుపత్రికి తీసుకొచ్చి డయాలిసిస్ చేయించాలి. నాలుగు గంటలు మెషిన్ మీద ఉండి బయటికొచ్చాక ఆవిడకి తల నిలవదు. నడుం వాల్చాలి. కొత్త కార్లలో వెనక సీటు రెండు గుంటలుగా ఉంటుంది, మధ్యలో గట్టు. పడుకుంటే గట్టు పక్కటెముకల్లో పొడుస్తుంది. లోపలికి ఎక్కాలన్నా వంగాలి. అంబాసిడర్ వెనక సీటు బల్లలా ఉంటుంది, నిలబడ్డ మనిషి వెనక్కి జరిగితే చాలు కూర్చోవచ్చు. ఆవిడ ఆ సీటు మీదే పడుకుని, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఇంటికెళ్ళేది. భుజంగరావు గారికి కావలసింది అంతే. వారానికి మూడు రోజులు, ఎక్కడా ఆగకుండా, ఆవిడ పడుకుని వెళ్ళాలి.

ఆయన ఇంకో షరతు పెట్టారు. పాత అంబాసిడర్లలో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు అది. "గేరు నా చేతి కిందే ఉండాలి. ఈ వయసులో కింద వెతుక్కోలేను," అన్నారు.

అంటే పాత గేరుబాక్సు ఉంచాలి, ఇంజను మాత్రం మార్చాలి. దెబ్బతిన్న ఒక కారు నుంచి జపాను నమూనా పెట్రోలు ఇంజను సంపాదించాను. తేలిక, మెత్తన, గట్టిది. కానీ ఆ ఇంజనుకీ ఈ గేరుబాక్సుకీ ముఖపరిచయం లేదు. రెండిటి మధ్యా ఒక ఉక్కు పళ్ళెం తయారుచెయ్యాలి. పళ్ళెం ఒక ముఖానికి ఇంజను, రెండో ముఖానికి గేరుబాక్సు. ఇంజను ఇరుసు నడిబొడ్డూ, గేరుబాక్సు ఇరుసు నడిబొడ్డూ ఒకే గీత మీద ఉండాలి. దీన్నే మేము సెంటరు పట్టడం అంటాం. బెజవాడలో అడుగుకో సెంటరుంది, ఆటో ఎక్కితే ఎక్కడైనా దిగొచ్చు. ఈ సెంటరు మాత్రం వెంట్రుకవాసి తప్పినా బండిని బతకనివ్వదు.

చీటీ మీద రాసిన ముక్క

పళ్ళెం చేసింది బాజీ. ఇనుము తొలిచే లేతు మెషిన్ అతనిది, అందుకే అందరూ లేత్ బాజీ అంటారు. నా పక్క షెడ్డే. ఆటోనగర్‌లో అలాంటి చెయ్యి ఇంకొకటి లేదని నేను ఎక్కడైనా చెబుతాను. పళ్ళెం బిగించి డయల్ పెట్టి చూశాను. డయల్ అంటే గడియారంలా ఉండే కొలత పరికరం, ముల్లు తిరిగి ఎంత తేడా ఉందో చెబుతుంది. సెంటరు ఎడమ పక్కకి కొద్దిగా ఉంది. పళ్ళేన్ని తన చోట నిలబెట్టే రెండు చిన్న పిన్నులుంటాయి, వాటి నడిబొడ్డు కొద్దిగా పక్కకి జరిపి లేతు మీద కొత్తవి చేయిస్తే సరిపోతుంది. చీటీ మీద "కుడికి పది పాయింట్లు" అని రాసి బాజీకి పంపాను.

పాయింటు అంటే అప్పటికి మా షెడ్డులో మిల్లీమీటరులో వందో వంతు. నా డయల్ మీద ఒక గీత. నేను ఆ లెక్కలోనే రాశాను. బాజీది వాళ్ళ నాన్న నాటి అంగుళాల లేతు. ఆ లేతు మీద పాయింటు అంటే అంగుళంలో వెయ్యో వంతు. అది నా పాయింటుకి రెండున్నర రెట్లు. ఇన్నేళ్ళూ మేమిద్దరం పాయింటు, పాయింటు అనుకుంటూ టీ తాగాం. అప్పటిదాకా నేను పంపిన పాత ఇంజన్ల పనంతా అంగుళాల్లోనే ఉండేది కాబట్టి తేడా రాలేదు. మిల్లీమీటర్ల ఇంజను వచ్చాక నా డయల్ మారింది, నా నోట్లో మాట మారలేదు.

పిన్నులు వచ్చాయి. ఆ రోజు శనివారం. సోమవారానికి కారు ఇస్తానని మాటిచ్చాను. పిన్నులు బిగించాక మళ్ళీ డయల్ పెట్టి చూడాలి. పెట్టలేదు. బాజీ చేసిందే కదా, చెప్పింది నేనే కదా అనుకున్నాను. ఇంతవరకూ చదివి ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది పెట్టుకోండి. ఆ డయల్ పెట్టడానికి అరగంట చాలు.

మిగతా పని చూస్తే మీకు కుళ్ళొస్తుంది, అంత బాగా చేశాను. ఆవిడ పడుకున్నప్పుడు జారకుండా నడుం దగ్గర ఒకటి, మోకాళ్ళ దగ్గర ఒకటి బెల్టులు కూడా పెట్టాను. సోమవారం భుజంగరావు గారు కారు తీసుకెళ్ళారు.

మూడు వారాలకి ఫోను చేశారు. "సాంబయ్యా, మూడో గేరులో సన్నగా ఏదో ఏడుస్తోందయ్యా."

"కొత్త ఇంజను కదండీ, సర్దుకుంటుంది," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

శుక్రవారం

తర్వాతి శుక్రవారం పొద్దున్న పోరంకి దగ్గర గేరుబాక్సు పట్టేసింది. బందరు రోడ్డు మధ్యలో కారు ఆగిపోయింది. వెనక సీట్లో అనసూయమ్మ గారు. భుజంగరావు గారు ఆటో ఆపి, ఆవిణ్ణి ఇద్దరి సాయంతో ఎక్కించి, ఆ ట్రాఫిక్‌లో ఆసుపత్రికి చేరేసరికి వాళ్ళ సమయం దాటిపోయింది. ఆవిడ మెషిన్ మీద అప్పటికే ఇంకొకరు పడుకుని ఉన్నారు. మర్నాటికి రమ్మన్నారు. మర్నాడు తెల్లారేసరికే ఆవిడకి ఊపిరి ఆడక, ఒంట్లో నీరు చేరి, ఎమర్జెన్సీలో చేర్చారు.

ఇది నాకు తర్వాత తెలిసింది. శుక్రవారం నాకు తెలిసిందల్లా కారు ఆగిందని. షెడ్డుకి లాగించి, శనివారం గేరుబాక్సు దించాను. ముందు బేరింగు నలిగిపోయింది. ఇంజను ఇరుసులో ఉండే చిన్న ఇత్తడి బుష్ గుండ్రంగా ఉండాల్సింది, కోడిగుడ్డులా అయింది. డయల్ పెట్టాను. పది పాయింట్లు ఎడమకి ఉన్న సెంటరు, ఇప్పుడు పదిహేను పాయింట్లు కుడికి ఉంది. సరిచెయ్యకముందే నయం.

చీటీ పట్టుకుని బాజీ దగ్గరికి వెళ్ళాను.

"ఇదేంటి బాజీ? పది పాయింట్లే కదా రాశాను?"

"పదే తీశానన్నా. కావాలంటే కొలుచుకో."

కొలిచాం. అతని పాయింట్లలో సరిగ్గా పదే ఉంది. ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. బాజీ లేతు మీది అంకెల వంక చూసి, నా డయల్ వంక చూసి, స్టూలు మీద కూలబడ్డాడు.

"అన్నా, గేరుబాక్సు ఎటూ పాతదే. అది పోయిందని చెప్పెయ్. ఆయన నమ్ముతాడు."

అందులో అబద్ధం కనిపెట్టేవాడు లేడు. ముప్పై ఏళ్ళ గేరుబాక్సు, పోవడానికి దానికి హక్కుంది. వెంకటరత్నం గారు బతికుంటే ఇదే చెప్పమనేవారు. ఆవిణ్ణి ఎమర్జెన్సీలో చేర్చారని ఆ సాయంత్రం తెలిసి ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు, నేను కూడా అదే చెబుదామనుకున్నాను. దాచడం దేనికి, దారి పొడుగునా ఆ మాటే సాపు చేసుకుంటూ వెళ్ళాను.

వార్డులో అనసూయమ్మ గారు ముక్కుకి గొట్టంతో పడుకుని ఉన్నారు. భుజంగరావు గారు పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ పాదాలు చేత్తో నొక్కి చూస్తున్నారు, వాపు తగ్గిందో లేదో అని. కొలతల మనిషి, అక్కడ కూడా కొలుస్తున్నారు. అది చూశాక సాపు చేసుకున్న మాట వదిలేశాను.

"తప్పు నాదేనండీ," అన్నాను. చీటీ తీసి చూపించాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "పాయింటంటే ఏ పాయింటు?" అన్నారు. చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"నా సర్వీసులో కొలత పేరు లేకుండా అంకె రాసినవాణ్ణి ఒక్కణ్ణి కూడా వదల్లేదు. పావలా వంకాయలు తూచేవాణ్ణి కూడా. అలాంటిది మా ఆవిడ ప్రాణం తీసుకొచ్చి నీ చేతిలో పెట్టాను కదయ్యా! కారు తీసుకెళ్ళిపోతాను. ఇంకెవరికైనా ఇచ్చుకుంటాను."

తిట్లు పడ్డం నాకు కొత్త కాదు, కానీ న్యాయమైన తిట్టు చాలా బరువుగా ఉంటుంది. అప్పుడు మంచం మీది నుంచి అనసూయమ్మ గారు చెయ్యెత్తారు.

"ఏవండీ, ఆయనకే ఇవ్వండి."

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకే తెలుసు. తప్పెక్కడ జరిగిందో ఈయనకి తెలుసు. కొత్తవాడు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. అందాకా నేనుండొద్దూ?"

భుజంగరావు గారు చీటీని రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "సరే. కానీ ఈసారి నేను పక్కన కూర్చుంటాను," అన్నారు.

తనిఖీ

అన్నమాట ప్రకారం వచ్చారు. ఆవిడ కోలుకుని ఇంటికి వెళ్ళాక, డయాలిసిస్ లేని రోజుల్లో, పొద్దున్నే భూతద్దం తెచ్చుకుని బాజీ లేతు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. బాజీకి చెమటలు. ప్రతి అంకె పక్కనా మి.మీ. అనో అంగుళం అనో రాసేదాకా ఆయన లేతు తిప్పనివ్వలేదు. "రాశావా?" అనేవారు, "రాశానండీ" అనేవాడు బాజీ, "చదువు" అనేవారు, బాజీ చదివేవాడు. రెండో రోజు సాయంత్రానికి బాజీ ఎర్ర రంగు తెచ్చి తన షెడ్డు గోడ మీద ఇలా రాయించుకున్నాడు: ఇచ్చట పాయింట్ అను మాట వాడరాదు. ఆ రాత ఇప్పటికీ ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో వేదాంతం అనుకుంటారు.

డయాలిసిస్ రోజుల్లో ఆ దంపతుల్ని నా కారులో నేనే తీసుకెళ్ళాను. ఆ పని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పించుకునే ముఖం కూడా నాకు లేదు. నాది మామూలు చిన్న కారు. నాలుగు గంటల తర్వాత ఆవిడ బయటికొచ్చి వెనక సీట్లో కూర్చుంటే అద్దంలో కనిపించేది. తల ఎక్కడ ఆనించాలో తెలియక కాసేపు కిటికీకి, కాసేపు ఆయన భుజానికి. కానూరు దాటేసరికి రెండుసార్లు కారు ఆపమన్నారు. అంతకుముందు ఆయన చెబితే విన్నాను, సరే అన్నాను. అద్దంలో చూశాకే నాకు అర్థమైంది. ఇంజన్ల గురించి నాకు ఎంత తెలుసో, వాటిలో ప్రయాణం చేసేవాళ్ళ గురించి అంత తక్కువ తెలుసని ఒప్పుకోవాల్సి వచ్చింది.

గేరుబాక్సులో ఇరుసు, బేరింగులు, బుష్ అన్నీ మార్చాను. కొత్త పిన్నులు వేసి డయల్ పెట్టాను. ముల్లు కదల్లేదు. ఇంజను ఒక చుట్టు చేత్తో తిప్పాను, ముల్లు ఉన్నచోటే నిలబడింది. భుజంగరావు గారు వంగి భూతద్దంలో చూశారు. మళ్ళీ తిప్పమన్నారు. నాలుగుసార్లు తిప్పించారు. ఆ తర్వాత ఆయన నా వంక చూసి ఏమీ అనలేదు. సర్వీసులో ఆయన ఎవరి వంకా ఏమీ అనకుండా చూసి ఉండరు, అందుకని అది నాకు సన్మానంలాగే అనిపించింది.

అప్పుడు నేను ఒక పని చేశాను. ఎన్నో బండ్లు నడిపి చూసి ఇచ్చాను గానీ, అంతకుముందెప్పుడూ అలా చెయ్యలేదు.

"మీరు తోలండి సార్. నేను వెనక పడుకుంటాను."

"నువ్వెందుకయ్యా పడుకోవడం?"

"ఈ కారులో కూర్చునేది మీరొక్కరే. ఆవిడ పడుకుంటారు. పడుకున్న చెవికి వినపడేది వేరు."

బెల్టులు పెట్టుకుని, చెయ్యి పొట్ట మీద వేసుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాను. ఆటోనగర్ గేటు దగ్గర తెలిసినవాళ్ళు పలకరించబోయి, నన్ను ఆసుపత్రికి తీసుకెళుతున్నారని హడలిపోయారు. పోరంకి దాటేసరికి నడుం కింద నుంచి సన్నటి గుర్రు తెలిసింది. కూర్చున్నవాళ్ళకి అది వినపడదు, పాదాలకి అందదు. వెన్నుకి మాత్రం అందుతుంది. షెడ్డుకి తిరిగొచ్చి వెతికాను. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకి పోయే గొట్టం మధ్యలో ఒక రబ్బరు గట్టిపడిపోయి ఉంది. అది మార్చి మళ్ళీ పడుకున్నాను. ఇంజను కింద కాళ్ళలాంటి రబ్బర్లు కూడా ఇంకొంచెం మెత్తవి వేసి ఇంకోసారి పడుకున్నాను. మూడోసారి కంకిపాడు వెళ్ళి వచ్చేదాకా ఏమీ తెలియలేదు. భుజంగరావు గారు నన్ను తట్టి లేపాల్సి వచ్చింది. కుర్రాళ్ళకి నేను చెప్పగలిగిన గొప్ప పనితనం ఏదైనా ఉందంటే ఇదే. బండిలో ఎక్కేవాళ్ళు ఎలా ఉంటారో అలా ఉండి చూడండి. మిగతా విద్యంతా పుస్తకాల్లో దొరుకుతుంది, ఫోన్లలో కూడా దొరుకుతోంది.

బుధవారం

కారు అప్పగించిన బుధవారం నేనూ వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళనక్కర్లేదు. కాలు నిలవలేదు, వెళ్ళాను.

పొద్దున్న సకాలానికి చేరాం. నాలుగు గంటలు బయట బెంచీ మీద భుజంగరావు గారూ నేనూ కూర్చున్నాం. ఆయన నాకు కొట్లలో తూకం రాళ్ళ కింద చింతపండు అంటించే మోసాలు చెప్పారు. నేను ఆయనకి పాత ఇంజనుకి రంగు వేసి కొత్తదని అమ్మే మోసాలు చెప్పాను. ఎవరి వృత్తిలో దొంగలు ఎక్కువో తేలలేదు.

అనసూయమ్మ గారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ముఖంలో నెత్తురు లేదు. కారు తలుపు తీశాం. ఆవిడ వెనక్కి జరిగి సీటు మీద కూర్చుని, మెల్లగా వాలిపోయారు. బెల్టులు నేను పెట్టాను. భుజంగరావు గారు తాళం తిప్పకముందే ఆవిడ కళ్ళు మూతపడ్డాయి.

నేను ముందు సీట్లో కూర్చుని వెనక్కి చూస్తూనే ఉన్నాను. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగాం, కదిలాం. పటమట, కానూరు, పోరంకి. పోరంకి రాగానే భుజంగరావు గారి పిడికిలి స్టీరింగ్ మీద బిగుసుకుంది. గేరు మూడులో ఉంది. ఆ చోటు దాటిపోయింది. పెనమలూరు కూడా దాటింది. కంకిపాడులో వాళ్ళ వీధిలోకి తిరిగి, ఇంటి గుమ్మం ముందు కారు ఆపి, ఆయన ఇంజను ఆపకుండా అలాగే కూర్చుండిపోయారు. నాకు కళ్ళు తడిశాయి. ఈ వృత్తిలో నాకు అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ అంత గర్వం కలగలేదు.

వెనక సీట్లో అనసూయమ్మ గారు కొద్దిగా కదిలారు. కళ్ళు తెరవలేదు.

"ఏవండీ, ఇంకా బయల్దేరలేదా?" అన్నారు.

భుజంగరావు గారు తాళం తిప్పి ఇంజను ఆపారు.

"ఇంటికొచ్చేశాం అనసూయా," అన్నారు.